పాత రేసింగ్ సైకిల్ క్రాంకు అమ్మకం: నల్లగొండ నుంచి ఒక ప్రాజెక్టు డైరీ

సరుకు

మిర్యాలగూడలో పాత ఇనుప సామాను కొనే దుకాణంలో ఒక రేసింగ్ సైకిల్ ఫ్రేము దొరికింది. ముందు ఫోర్కు లేదు, చక్రాలు లేవు, వెనుక చక్రం దగ్గరి గొట్టానికి తుప్పుతో చిల్లు పడ్డది. అది మళ్లా రోడ్డెక్కే సైకిలు కాదు. కాని క్రాంకు సెట్టు, అంటే పెడళ్లు బిగించే రెండు కడ్డీలు, ముందు చైన్ చక్రాలు, మాత్రం దానికే బిగించి ఉన్నది. కాంపగ్నోలో కంపెనీది, అల్యూమినియంది, రెండు చైన్ చక్రాలది. కాటా మీద పెట్టి అమ్మితే కిలోకు తక్కువ అల్యూమినియం తుక్కు. అదేంది, ఎప్పటిది, పగుళ్లున్నయా లేవా అని తేల్చి అమ్మితే వేలల్లో పలికే వస్తువు. ఈ డైరీ అంతా ఆ తేల్చుడు పనే.

పాత రేసింగ్ సామానుకు గిరాకీ ఎందుకంటే కొనేటోళ్లు దాన్ని అల్మారాలో పెట్టుకోరు, తొక్కుతరు. ఇటలీలో 1997 నుంచి ఎరోయికా అని పాత సైకిళ్ల సవారీ జరుగుతున్నది. 1987కు ముందటి తరహా రేసింగ్ సైకిలు ఉంటేనే అండ్ల చోటు. గేరు మీటలు ఫ్రేము గొట్టం మీదనే ఉండాలె, పెడల్‌కు పట్టీలుండాలె. అసొంటి సైకిలుకు అదే కాలం క్రాంకు కావాలె. మన దేశంలో కూడా పుణె, బెంగళూరు, చెన్నై దిక్కు ఇవి వెతికేటోళ్లు కొద్దిమంది ఉన్నరు. తొక్కేదానికే కొంటున్నరు కాబట్టి పగులు సంగతి మిగతా అన్నిటికంటే ముందు చూడాలె.

విప్పుడు

మన దగ్గర నడిచే నల్ల సైకిళ్లకు, హెర్క్యులస్ కానీ అట్లాస్ కానీ హీరో కానీ, క్రాంకు ఇనుముది. కాటర్ పిన్నుతో యాక్సిల్‌కు (రెండు క్రాంకులను కలిపే ఇరుసుకు) పట్టుకుంటది. నట్టు విప్పి పిన్ను మీద సుత్తెతో కొడితే ఊడి వస్తది. నల్లగొండ ప్రకాశం బజార్‌లో ఏ సైకిల్ మెకానిక్ చెయ్యికైనా ఆ దెబ్బ అలవాటే. ఈ క్రాంకుకు పిన్ను లేదు. యాక్సిల్ కొస నాలుగు పలకలుగా, కొసకు సన్నబడుకుంట ఉంటది. అల్యూమినియం క్రాంకు దాని మీద చీలలాగ బిగిసి కూసుంటది. దీన్ని సుత్తెతో కొడితే పలకల రంధ్రం పెద్దగైతది, లేకుంటే క్రాంకు వంగుతది. రెండిట్ల ఏదైనా వస్తువు పాడైనట్టే.

తీసే వరుస ఇట్ల:

ముందు బయటి దుమ్ము మూత తీయాలె. ఆలెన్ కీ పెట్టి తిప్పుతె వస్తది. మెత్తటి అల్యూమినియం మూత కాబట్టి కీ పూర్తిగ లోపలికి దిగినంకనే బలం పెట్టాలె. తరువాత 15 మి.మీ. సాకెట్‌తో లోపలి బోల్టు. కుడి, ఎడమ రెండు బోల్టులూ మామూలు మరలే, ఎడమకు తిప్పుతె వదులైతయి. జపాన్ క్రాంకులకు చాలావాటికి ఈ బోల్టు 14 మి.మీ. ఉంటది. కాబట్టి 14 పానా పట్టకపోతే ఆశ్చర్యపోవద్దు, బలవంతం అసలే చేయొద్దు.

బోల్టు వచ్చినంక దాని కింది వాషరు కూడా వచ్చిందా లేదా టార్చి వేసి చూడాలె. వాషరు లోపలనే ఉండిపోతే పుల్లర్ (క్రాంకును బయటికి లాగే పనిముట్టు) మొన యాక్సిల్‌ను తాకదు, వాషరును నొక్కుతది. ఆ వాషరు క్రాంకు మీదనే ఆనుకొని ఉంటది కాబట్టి, పుల్లర్ ఎంత తిప్పినా క్రాంకు తనను తాను నెట్టుకున్నట్టే అయితది. చివరికి క్రాంకు మరలు ఊడొస్తయి. పాత క్రాంకులు పాడయ్యేది ఎక్కువగా ఈ ఒక్క తప్పుతోనే.

కాంపగ్నోలో పుల్లర్ మర 22 మి.మీ. వెడల్పు, 1 మి.మీ. పిచ్ (మరకు మరకు నడుమ దూరం). ఇప్పటి మామూలు పుల్లర్లు కూడా అదే కొలత, ఆన్‌లైన్‌లో తక్కువ ధరకే దొరుకుతయి. పాత ఫ్రెంచి క్రాంకులది వేరే లెక్క: టీఏది 23 మి.మీ., స్ట్రాంగ్‌లైట్‌ది 23.35. ఆ పుల్లర్ దీనికి పట్టదు, ఈ పుల్లర్ దానికి వదులుగ తిరిగి మరలు తింటది.

మరలలో ఉన్న మట్టిని పాత టూత్ బ్రష్షు, డీజిల్‌తో కడిగినం. గ్యాస్‌నూనె (కిరోసిన్) ఇప్పుడు దొరకుడే కష్టం, డీజిల్‌తో పని నడుస్తది. పుల్లర్ బయటి భాగాన్ని చేత్తోనే ఆఖరి మర దాకా ఎక్కించి, తరువాతనే లోపలి స్క్రూ తిప్పాలె. కుడిది మెల్లగ వచ్చింది. ఎడమది కదల్లేదు. పట్టుకపోయినవాటిని వదిలించే నూనె వేసి ఒక రాత్రి వదిలేసి, తెల్లారి పుల్లర్‌ను గట్టిగ బిగించి దాని తల మీద చిన్న సుత్తెతో రెండు దెబ్బలు వేస్తే టక్కుమని వదిలింది. దెబ్బ పుల్లర్ మీద పడాలె, క్రాంకు మీద కాదు. గ్యాస్ మంట మాత్రం పెట్టొద్దు. ఈ అల్యూమినియం మిశ్రమానికి గట్టిదనం వచ్చేదే వేడి పెట్టి చల్లార్చే పద్ధతితోని. వెల్డింగ్ మంట తగిలితే ఆ గట్టిదనం పోతది, పైకి మాత్రం ఏం తెల్వదు. మరీ మొండికేస్తే మరిగే నీళ్లు క్రాంకు మీద పోసి పుల్లర్ తిప్పితే చాలు.

ఫ్రేములోని కప్పులు (యాక్సిల్ బాల్స్ నడిచే గిన్నెలు) కూడా తీసినం. కప్పు మీద 36 × 24 అని రాసి ఉన్నది. అంటే ఇటాలియన్ కొలత: 36 మి.మీ. వ్యాసం, అంగుళానికి 24 మరలు, కప్పులు పట్టే ఫ్రేము గొట్టం పొడుగు 70 మి.మీ. ఇంగ్లీష్ కొలత అయితే 1.370 × 24 అని ఉంటది, గొట్టం 68 మి.మీ. తేడా పేరులోనే కాదు. ఇంగ్లీష్ ఫ్రేములో కుడి కప్పు ఎడమ మరలది, ఇటాలియన్‌ది రెండు దిక్కులా మామూలు మరలే. నల్ల సైకిళ్ల లెక్కన కుడి కప్పును కుడికి తిప్పుతె వదులైతదనుకుంటే ఇక్కడ ఇంకా బిగుస్తది. వెల్డింగ్ షాపులో బెంచ్ వైస్‌కు కప్పు పలకలు పట్టించి ఫ్రేమునే తిప్పినం. ఫ్రేము పొడుగే పెద్ద పానా లెక్క పనిచేస్తది.

ఎవరిది, ఎప్పటిది

కాంపగ్నోలో ఇటలీలోని విచెంజాలో 1933లో మొదలైన కంపెనీ. దాని రికార్డ్ మోడల్ క్రాంకు 1958లో వచ్చింది. మొదట్లో చైన్ చక్రం బోల్టులు 151 మి.మీ. వ్యాసం ఉన్న వలయం మీద ఉండేవి, 1960ల చివర్లో అది 144 అయ్యింది. ఈ తేడా కొనేటోనికి ప్రాణం. 151 దాని మీద 44 పళ్ల కంటే చిన్న చక్రం పట్టదు, 144 దాని మీద 41 దాకా దిగొచ్చు. గుట్టలు ఎక్కేటోళ్లకు 144 కావాలె. వస్తువులు కూడబెట్టేటోళ్లు 151 వెతుకుతరు.

కొలుచుడు ఎట్లంటే, చైన్ చక్రాలను పట్టుకునే చేతులు ఐదు కాబట్టి ఎదురెదురు బోల్టులు ఉండవు, స్కేలు అడ్డం పెట్టి వ్యాసం కొలవరాదు. పక్కపక్కనున్న రెండు బోల్టు రంధ్రాల మధ్య దూరం కొలవాలె. కేంద్రం అంచనాగ పట్టుకునుడు కంటే ఒక రంధ్రం ఎడమ అంచు నుంచి పక్క రంధ్రం ఎడమ అంచు దాకా వెర్నియర్‌తో కొలిస్తే తప్పుండదు. 84.6 మి.మీ. వస్తే 144. 88.8 వస్తే 151. 76.4 అయితే 130, అది వేరే కంపెనీలది, తరువాతి కాలంది. మాకు 84.6 వచ్చింది. 144 కొలత జపాన్ సుగినో మైటీ క్రాంకులకు కూడా ఉన్నది, అందుకే కొలత ఒక్కటే సాక్ష్యం కాదు. ముందు దిక్కు చెక్కిన కంపెనీ పేరు, వెనుక దిక్కు గుర్తులు కలిపి చూడాలె.

వెనుక గుర్తులే సంవత్సరం చెప్తయి. 1970లలో చేసిన క్రాంకు వెనుక చిన్న డైమండ్ ఆకారం, అండ్ల ఒక అంకె ఉంటది. 6 ఉంటే 1976. 1980లకు వచ్చేసరికి డైమండ్ పోయి గుండ్రటి గీత వచ్చింది. మట్టి, పాత గ్రీజు కింద ఇది కనబడదు. గోరువెచ్చటి సబ్బు నీళ్లతో రుద్ది, టార్చి పక్కనుంచి వేస్తే నీడలో తేలుతది. కుడి క్రాంకు మీద 6, ఎడమ దాని మీద 5 ఉన్నది. ఒక ఏడాది తేడా ఉంటే జత మార్చినట్టు కాదు, ఫ్యాక్టరీలో ముందు చేసి పెట్టినవి తరువాత జతపడేవి. మూడు నాలుగేండ్ల తేడా ఉంటే మాత్రం ప్రకటనలో రాసుడే న్యాయం.

పొడుగు 170 మి.మీ., వెనుక ముద్ర ఉన్నది. ముద్ర అరిగిపోతే యాక్సిల్ రంధ్రం మధ్య నుంచి పెడల్ రంధ్రం మధ్య దాకా కొలవాలె. చైన్ చక్రాలు 52, 42 పళ్లు.

పెడల్ మరలు వెర్నియర్‌తో చూస్తే ఇంగ్లీష్ లెక్క, 9/16 అంగుళం, అంగుళానికి 20 మరలు. ఎడమ పెడల్‌ది ఎడమ మర. ఫ్రెంచి క్రాంకు అయితే 14 మి.మీ., 1.25 పిచ్ ఉంటది. దగ్గర దగ్గర కొలతలే గాని ఒకదాని పెడల్ ఇంకోదాంట్ల బలవంతంగ ఎక్కిస్తే మర పోతది.

ఇక్కడ ఒక పైలం మాట. పెడల్ మర కొద్దిగ దెబ్బతిన్నదని లేత్ షాపుకు తీస్కపోతే అక్కడుండే 9/16 ట్యాప్ (లోపలి మరలు కోసే పనిముట్టు) యూఎన్ఎఫ్‌ది, అంటే మామూలు యంత్రాల బోల్టు కొలతది, దాంట్ల అంగుళానికి 18 మరలే. 20 ఉన్న చోట 18 తిప్పితే మిగిలిన మర కూడా గీసుకపోతది. పైగా ఎడమ క్రాంకుకు ఎడమ ట్యాపే కావాలె, అది లేత్ షాపులో ఉండదు. సైకిల్ ట్యాప్ చేతిలో లేకపోతే మర ముట్టకుండ ఉన్నదున్నట్టు అమ్ముడే మేలు.

కడుగుడు

దీనికి ఎక్కువ చేయొద్దు. గిన్నెలు తోమే సబ్బు, గోరువెచ్చటి నీళ్లు, మెత్తటి బ్రష్షు, గ్రీజుకు డీజిల్. అంతే. ఈ క్రాంకు మీద పల్చటి అనోడైజింగ్ పొర (కరెంటు పద్ధతిలో అల్యూమినియం మీద తెచ్చే రక్షణ పొర) ఉన్నది, దాని మెరుపు అదే. మెరవాలని బఫింగ్ చక్రం మీద పెడితే పొర లేచిపోయి అద్దం లెక్క మెరుస్తది. తెలిసినోడు ఫొటోలో చూడంగనే పట్టుకుంటడు, ధర పడిపోతది. పైగా బఫింగ్ సన్నటి పగుళ్ల మీద లోహాన్ని లాగి కప్పేస్తది, తరువాత పరీక్షలో కూడా కనబడవు. కాస్టిక్ సోడా ఉన్న ఏ మందు అయినా అనోడైజింగ్‌ను కరిగిస్తది. బాత్‌రూంలు కడిగే యాసిడ్ కూడా ముట్టించొద్దు.

నల్లగొండ బోరు నీళ్లతో కడిగి ఎండబెడితే తెల్లటి మచ్చలు పడుతయి. నీళ్లంటే మన జిల్లాకు ముందుగాల యాదికొచ్చేది ఫ్లోరైడ్. ఈ మచ్చలు మాత్రం దానివి కావు, కాల్షియం, మెగ్నీషియంవి. ఆఖరి కడుగుడు ఫిల్టర్ ప్లాంటు నీళ్లతో చేసి వెంటనే నూలు బట్టతో తుడిస్తే మచ్చ రాదు.

పగుళ్ల పరీక్ష

ఈ మోడల్‌కు పగుళ్లు వచ్చే చోట్లు మూడు, సైకిలు లోకంలో అందరికీ తెలిసినవే.

మొదటిది కుడి క్రాంకు వెనుక. ఐదు చేతులలో రెండు క్రాంకుకు అటూ ఇటూ ఉంటయి. ఆ చేతికి, క్రాంకుకు నడుమ సన్నటి లోతైన మూల ఉంటది. పదునైన మూల కాబట్టి తొక్కిన ప్రతిసారి ఒత్తిడంతా అక్కడనే కుప్పపడుతది. పగులు అక్కడ మొదలై చేతి దిక్కో, క్రాంకు దిక్కో పాకుతది. కొందరు ముందుజాగ్రత్తగ ఆ మూలను సన్నటి గుండ్రటి ఆకురాయితో నున్నగ చేస్తరు. తొక్కేటోనికి అది మంచి పనే, కాని అసలు రూపు కావాలనుకునేటోనికి నచ్చదు. మేం ముట్టలేదు.

రెండోది పెడల్ రంధ్రం చుట్టూ. పెడల్ యాక్సిల్ భుజం క్రాంకు ముఖం మీద నొక్కుకుంట, తొక్కినప్పుడల్లా కొంచెం కొంచెం రాసుకుంటది. ఆ రాపిడితో గుంట పడి, గుంట అంచున పగులు లేస్తది. పెడల్‌కు, క్రాంకుకు నడుమ సన్నటి స్టీలు వాషరు వేసుకుంటే ఈ బాధ చాలా తగ్గుతది.

మూడోది పలకల రంధ్రం మూలలు. బోల్టు అతిగా బిగిస్తే వచ్చేది ఇక్కడ.

కంటితో, 10 రెట్లు చూపించే భూతద్దంతో చూస్తే కుడి దాంట్ల ఏం కనబడలేదు, ఎడమ పెడల్ రంధ్రం దగ్గర ఒక గీత అనుమానంగ ఉన్నది. గీతా, పగులా అన్నది కంటితో తేలదు. డై పెనెట్రెంట్ పరీక్షే (పగులులోకి రంగు పంపి చూసేది) తేల్చాలె. మిర్యాలగూడ రైస్ మిల్లుల బాయిలర్ పనులు చేసే వెల్డింగోళ్లకు ఇది కొత్త కాదు, డీపీ టెస్ట్ అంటే చాలు. మూడు డబ్బాలు: క్లీనర్, ఎర్ర రంగు, తెల్ల డెవలపర్.

చేసిన తీరు: క్లీనర్ కొట్టి తుడిచి పూర్తిగ ఆరనిచ్చినం. పగులులో డీజిల్ తడి మిగిలితే ఎర్ర రంగు లోపలికి పోదు, అందుకే కడిగిన రోజే పరీక్ష పెట్టొద్దు. తరువాత ఎర్ర రంగు కొట్టి 15 నిమిషాలు వదిలినం. పైనున్న రంగును ముందు పొడి బట్టతో, తరువాత క్లీనర్‌తో కొద్దిగ తడిపిన బట్టతో తుడవాలె. క్లీనర్‌ను నేరుగా క్రాంకు మీద కొట్టొద్దు. కొడితే పగులులోకి పోయిన రంగు కూడా కడుక్కపోతది, పగులున్నా లేనట్టే వస్తది. తొందర పడేటోళ్లు చేసే తప్పు ఇదే. చివరికి తెల్ల డెవలపర్ ఒక జానెడు దూరం నుంచి పల్చగ కొట్టి 10 నిమిషాలు చూసినం. మందంగ కొడితే సన్న గీతలు దాని కిందనే ఉండిపోతయి.

కుడి క్రాంకు మూలల్లో ఎర్రగ కొంత కనబడ్డది, కాని గీత లెక్క కాదు, మసక మరకలెక్క. పదునైన మూలలో తుడుపు సరిగ్గ అందక రంగు నిలబడితే ఇట్లనే వస్తది. ఆ చోటును చెవిపుల్లకు బట్ట చుట్టి శుభ్రం చేసి పరీక్ష మొత్తం మొదటి నుంచి పెట్టినం. రెండోసారి తెల్లగనే ఉన్నది. పగులైతే శుభ్రం చేసినా మళ్లా అదే చోట, అదే ఆకారంలో ఎర్రగ లేస్తది.

ఎడమ పెడల్ రంధ్రం దగ్గర మాత్రం అంచు నుంచి బయటికి పదునైన ఎర్ర గీత లేచింది. 6 మి.మీ. దాకా ఉంటది. రెండోసారి పెట్టినా అక్కడనే, అంతే పొడుగు. అనుమానం ఇగ లేదు, పగులే.

ఎడమ క్రాంకు సంగతి

వెల్డింగ్ పెడితే పోతది కదా అని షాపులో అడిగిండ్రు. పోదు. వెల్డింగ్ వేడికి చుట్టుపక్కల లోహం మెత్తబడుతది, కొత్త పగులు వెల్డ్ పక్కనే లేస్తది. పెడల్ రంధ్రం దగ్గర క్రాంకు విరిగితే తొక్కేటోడు నిలబడి బలం పెట్టినప్పుడే విరుగుతది. పడేది రోడ్డు మీద, వెనుక లారీ ఉంటది.

అలంకారానికి మాత్రమే అని రాసి అమ్మొచ్చు అని ఒక లెక్క. ఆ మాట మొదటి కొనుగోలుదారు దాకానే పోతది. రెండో చేతికి పోయేసరికి మంచి జత అయిపోతది. అందుకే ఎడమ క్రాంకును పెడల్ రంధ్రం దగ్గర హ్యాక్సాతో సగం కోసినం. ఇగ ఎవ్వరూ దానికి పెడల్ బిగించలేరు. దాని దుమ్ము మూత, బోల్టు, వాషరు మంచివి, అవి పక్కకు తీసిపెట్టినం. విడి మూతలకు కూడా గిరాకీ ఉన్నది.

అంటే అమ్మేది ఇప్పుడు జత కాదు. కుడి క్రాంకు, రెండు చైన్ చక్రాలు, ఐదు బోల్టులు. ధర సగానికి దగ్గర పడుతది. అయినా గిరాకీ ఉంటది, కుడి క్రాంకులే ఎక్కువగ పగులుతయి కాబట్టి మంచి ఎడమది చేతిలో పెట్టుకొని కుడిది వెతికేటోళ్లు ఉంటరు.

చైన్ చక్రాలు, పలకల రంధ్రం

చైన్ చక్రాల బోల్టుకు ముందు 5 మి.మీ. ఆలెన్ కీ, వెనుక నట్టుకు గాడి పానా కావాలె. గాడి పానా లేకుంటే వెడల్పు స్క్రూడ్రైవర్ మొన నడుమ గ్రైండర్‌తో గాడి తీస్తే పనైతది. నట్టును పట్టుకోకుండ కీ తిప్పుతె రెండూ కలిసి తిరుగుతయి, అల్యూమినియం రంధ్రం అరుగుతది.

అరుగుడు చూడడానికి కొత్త చైన్ కావాలె. నల్ల సైకిల్ చైన్ పనికిరాదు, అది 1/8 అంగుళం వెడల్పుది. దీనికి గేరు సైకిళ్ల 3/32 చైన్ కావాలె, ఇప్పుడు గేరు సైకిళ్లు అమ్మే దుకాణాల్లో దొరుకుతది. చక్రం చుట్టూ సగం దాకా చుట్టి, నడుమ లింకును పైకి లాగాలె. పంటి సగం కనబడేంత లేస్తే చక్రం అరిగినట్టు. 42 మంచిగున్నది. 52 కొద్దిగ లేచింది, పళ్లు ఒక దిక్కు కొంచెం వంగినయి. ఇది ప్రకటనలో రాయాలె.

పలకల రంధ్రం పెద్దగైందా అన్నది యాక్సిల్ మీదకు చేత్తో ఎక్కించి చూడాలె. ఎక్కించినంక యాక్సిల్ కొస రంధ్రంలో లోపలికే ఉండాలె, బోల్టు బిగించినా ఇంకా కొన్ని మి.మీ. ఎడం మిగలాలె. కొస బయటి అంచుకు సమంగ వచ్చిందంటే రంధ్రం సాగింది, బోల్టు ఎంత బిగించినా క్రాంకు బిగుసదు. ఇది మంచిగనే ఉన్నది. కొనేటోళ్లకు ఒక సూచన కూడా రాసిపెట్టినం: జపాన్ కొలత యాక్సిల్ మీద ఈ క్రాంకు నాలుగు మి.మీ. పైన బయటికి నిలబడుతది, చైన్ లైను (ముందు, వెనుక చక్రాల నడుమ చైను సూటి) తప్పుతది. ఇటాలియన్ కొలత యాక్సిలే వాడాలె.

ధర, ప్రకటన

ధర కట్టేటప్పుడు జనం అడిగిన ధరలు చూసుడు దండుగ. ఏండ్ల తరబడి అమ్ముడుపోకుండ ఉన్న ప్రకటనలే ముందు కనబడుతయి. ఈబేలో అమ్ముడుపోయినవి మాత్రమే చూపించే మీట ఉన్నది. అండ్ల అదే కొలత, అదే స్థితి ఉన్నవి చూసి, దాంట్ల నుంచి విదేశీ పోస్టు ఖర్చు తీసేస్తే మన దగ్గర పలికే ధర వస్తది. 7,500 అడిగి 6,500కు దిగొచ్చని పెట్టుకున్నం.

విదేశాలకు అమ్మితే ఎక్కువ వస్తది కదా అంటే, వ్యాపారంగ పంపాలంటే ఐఈసీ (ఎగుమతి దిగుమతుల) నంబరు తీసుకోవాలె, పోస్టాఫీసులో పోస్టల్ బిల్ ఆఫ్ ఎక్స్‌పోర్ట్ అనే ఎగుమతి పత్రం పెట్టాలె. ఒక్క వస్తువు కోసం అంత దూరం పోలేదు. పురాతన వస్తువుల చట్టం అడ్డమొస్తదా అని భయపడేది లేదు. 1972 చట్టం ఇసొంటి వస్తువులకు వందేండ్ల వయసు అడుగుతది, ఇది 1976ది.

ఫొటోలు నీడలో, మబ్బు పట్టిన పూట తీసినం. ఎండలో అల్యూమినియం తెల్లగ మండిపోయి గీతలు కనబడవు. వెనుక బట్ట ముదురు రంగుది. తీయాల్సినవి: ముందు, వెనుక, డైమండ్ గుర్తు దగ్గరగ, పెడల్ మరలు, పుల్లర్ మరలు, పలకల రంధ్రం రెండు దిక్కులా, చేతి మూలలు రెండూ, పళ్లు పక్కనుంచి, వెర్నియర్ 84.6 దగ్గర పెట్టి ఒకటి, కాటా మీద ఒకటి. చక్రాలతో కలిపి 430 గ్రాముల దగ్గర తూగింది. డీపీ పరీక్షలో డెవలపర్ కొట్టిన ఫొటో కూడా పెట్టినం. అమ్మేటోళ్లు ఇది పెట్టుడు చాలా తక్కువ, కాని అడిగే మొదటి ప్రశ్నకు జవాబు అదే.

ప్రకటనలో లోపాలు ముందు రాసినం: ఎడమ క్రాంకు లేదు, 52 చక్రం అరుగుడు, చైన్ పడి గీసిన గీతలు వెనుక దిక్కు, ముందు దిక్కు బూటు రాపిడితో అనోడైజింగ్ పోయిన మచ్చ. తరువాతనే కొలతలు.

బేరం

ప్రకటన పెట్టిన పూటనే ‘అన్నా, ఫైనల్ ఎంత?’ అని మెసేజులు మొదలైనయి. నల్ల సైకిలుకు పడుతదా అని అడిగినోళ్లకు పడదని ఒక్క మాటలో చెప్పుడే మంచిది. మిలిటరీలో ఉన్నా, వస్తువు చూడకుండనే పైసలు పంపుతా అని ఒకరు క్యూఆర్ కోడ్ పంపిండ్రు. పైసలు రావాలంటే కోడ్ స్కాన్ చేసుడు, పిన్ కొట్టుడు ఎప్పుడూ ఉండదు. ఆ రెండూ పైసలు పోయేటప్పుడే. బ్లాక్ చేసినం.

నిజంగ కొనేటోన్ని ప్రశ్నతోనే గుర్తుపట్టొచ్చు. పుణె నుంచి ఒకాయన ధర అడగకముందే చేతి మూల ఫొటో ఇంకా దగ్గరగ కావాలన్నడు, పుల్లర్ మరలు ఎన్ని మిగిలినయో అడిగిండు. ఆయన దగ్గర 170 ఎడమ క్రాంకు ఉన్నది, డైమండ్‌లో 7. 52 చక్రం అరుగుడుకు 500 తగ్గించమన్నడు. న్యాయమైన మాటే. పోస్టు, ఇన్సూరెన్స్ మా ఖర్చుతో 7,000కు తెగింది. పైసలు బ్యాంకు ఖాతాలో పడ్డట్టు ఖాతాలోనే చూసుకోవాలె. వాట్సాప్‌లో వచ్చిన స్క్రీన్‌షాట్ నమ్మేది కాదు.

ప్యాకింగ్, పోస్టు

పళ్లే అసలు శత్రువు. 52 పళ్లు అట్టపెట్టెను లోపలి నుంచి రంపం లెక్క కోస్తయి. పెట్టె చిరిగితే బోల్టులు దారిలో రాలిపోతయి, పళ్లు కూడా వంగుతయి. పంక్చర్ షాపులో పారేసే సైకిల్ ట్యూబును పొడుగ్గ చీల్చి పళ్ల చుట్టూ తొడిగి, పైన టేపు చుట్టినం. పైసా ఖర్చు లేదు, దీనికంటే మంచి రక్ష లేదు. పెడల్ రంధ్రానికి, పుల్లర్ మరలకు అట్ట ముక్కలు మడిచి మూతలెక్క పెట్టినం. మరలు రవ్వంత నొక్కుకుంటే వస్తువు విలువ పోతది.

చక్రాలు విప్పకుండ క్రాంకుకే ఉంచినం. విడిగ పెడితే ఒకదానికొకటి రాసుకుంటయి. బోల్టు, వాషరు, మూత చిన్న మందుల డబ్బాలో వేసి, డబ్బాను క్రాంకుకు టేపుతో కట్టినం. విడిగ పెట్టెలో వేస్తే అవే క్రాంకును కొడుతయి. వానకాలం కాబట్టి మొత్తం ప్లాస్టిక్ కవరులో పెట్టి, సిలికా జెల్ పొట్లం వేసినం. వడ్ల పొట్టు, గడ్డి నింపుడు అసలే వద్దు. తేమ పట్టుకుంటయి, దుమ్ము మరలలోకి పోతది. నలిపిన అట్ట, బబుల్ షీటు చాలు.

పెట్టె 34 × 26 × 8 సెం.మీ. క్రాంకు, చక్రం కలిపి పొడుగు 29 సెం.మీ. దాకా వస్తది కాబట్టి ఇంతకంటే చిన్నది పట్టదు. మరీ పెద్ద పెట్టె తీసుకుంటే బరువుతో పాటు కొలత చూసి కూడా చార్జి పడొచ్చు. పెట్టెను ఊపితే లోపల చప్పుడు రావొద్దు, అదే ఆఖరి పరీక్ష.

హైదరాబాద్ అయితే ఆర్టీసీ కార్గోలో వేస్తే అయిపోతుండె. పుణె కాబట్టి హెడ్ పోస్టాఫీసులో స్పీడ్ పోస్ట్, ఇన్సూరెన్స్‌తో. లోపలేముందని అడిగితే పాత సైకిల్ విడిభాగం అని రాసినం, బిల్లు కాగితం ఒకటి లోపల, ఒకటి ఫోన్‌లో. ప్యాక్ చేస్తున్నప్పుడు వీడియో తీసి పెట్టుకున్నం. విరిగిందని మాట వస్తే ఇన్సూరెన్స్‌కు అదే ఆధారం.

చేరినంక కొన్నాయన ముందుగాల కుడి క్రాంకును యాక్సిల్ మీద ఎక్కించి ఫొటో పంపిండు, యాక్సిల్ కొస లోపలికే ఉన్నది. కొత్త బోల్టు బిగించి కొంత దూరం తొక్కినంక మళ్లొకసారి బిగించాలని, పెడల్‌కు స్టీలు వాషరు వేసుకొమ్మని చెప్పినం.

మిగిలినయి

యాక్సిల్ 70-ఎస్ఎస్ అనే కొలతది, కుడి దిక్కు బాల్స్ నడిచే చోట గుంటలు పడ్డయి, దాన్ని అమ్మేది లేదు. కప్పులు రెండూ నున్నగున్నయి, 1/4 అంగుళం కొత్త బాల్స్ ఒక దిక్కుకు 11 చొప్పున వేస్తే నడుస్తయి. వాటికి, ఎడమ దుమ్ము మూతకు, బోల్టుకు వేరే ప్రకటన తయారవుతున్నది. కప్పుల పలకల మీద వైస్ గుర్తులు పడ్డయి, ఫొటోలో అవి ముందు పెట్టాలె. ఫ్రేము, కోసిన ఎడమ క్రాంకు తుక్కు దుకాణానికే తిరిగి పోయినయి.